మసి అద్దం, ఓడరేవు పొద్దు

రెంటచింతలలో మా తాతయ్య యల్లమంద ఫోటో స్టూడియోలో ఒక సముద్రం ఉండేది. తాతయ్య అసలు సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. ఫోటోలకి వెనక కట్టే తెర మీద దాని బొమ్మ వేసిన మాచర్ల పెయింటరూ చూడలేదు. అయినా ఊళ్ళో పెళ్ళయిన ప్రతి జంటా దాని ముందు నిలబడే ఫోటో దిగింది. నీలం నీళ్ళు, పైన లడ్డూలాంటి సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. మే నెల ఎండల్లో జనం ఫోటో అయిపోయినా అక్కడి నుంచి కదిలేవాళ్ళు కాదట. సముద్రం మీద ప్రేమ కాదు, ఫ్యాను అక్కడే ఉండేది.

1981లో పక్కింటికి కొత్త కోడలు వచ్చింది. పేరు కృపామణి, చీరాల దగ్గర ఓడరేవు అనే ఊరి పిల్ల. భర్తతో ఫోటో దిగడానికి వచ్చి, తెర చూడగానే పకపకా నవ్వింది.

“ఏందమ్మాయ్, ఏమైంది?” అన్నాడు తాతయ్య.

“ఇది సముద్రమా మామయ్యా? బకెట్లో నీలిమందు కలిపినట్టుంది. పొద్దు పొడిచేటప్పుడు సముద్రాన్ని చూశావా ఎప్పుడన్నా?”

“లేదు.”

“మరెట్టా పెట్టావు? దీని ముందు నేను నిలబడను. మా అమ్మ చూస్తే నవ్వుద్ది.”

ఇంకొకరైతే కోప్పడేవారు. తాతయ్యకి కోపం కన్నా కుతూహలం ఎక్కువ. ఆ సాయంత్రమే తెర విప్పి చుట్టేసి అటక మీద పడేశాడు. “నిజం సముద్రం మీద పొద్దు పొడవటం ఫోటో తీసుకొస్తా. ఆ పిల్ల ‘ఇదే’ అన్నదాకా ఈ తెర కట్టను” అని మా నాయనమ్మ మాణిక్యమ్మకి చెప్పాడు.

“కట్టకు. గోడ ముందు ఎవరు దిగుతారో నేనూ చూస్తా” అంది ఆవిడ. నిజంగానే ఎవరూ దిగలేదు. వచ్చిన వాళ్ళు బోడిగోడ చూసి మాచర్ల బస్సెక్కేవాళ్ళు.

తాతయ్య ఓడరేవు వెళ్ళి, చీకటితోనే ఇసుకలో కూర్చుని, పన్నెండు ఫోటోల ఫిల్ము మొత్తం తీసి పట్టుకొచ్చాడు. కడిగి చూస్తే సగం ఫోటోల్లో సూర్యుడు చక్కగా ఉన్నాడు, కింద సముద్రం బొగ్గులా ఉంది. మిగతా సగంలో అలలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, పైన ఆకాశం ఉతికిన పంచెలా తెల్లగా ఉంది.

“పొద్దుంటే నీళ్ళు లేవు, నీళ్ళుంటే పొద్దు లేదు. రెండూ ఒకేసారి కనపడతయ్ మామయ్యా మాకు” అంది కృపామణి.

అదే తాతయ్యకి నిద్ర లేకుండా చేసింది. కంటికి రెండూ కనబడుతుంటే కెమెరాకి ఎందుకు కనబడవు? నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది కాబట్టి ఆయన చెప్పినట్టే చెబుతాను. ఆకాశానికి వెలుగు ఎక్కువ, నీళ్ళకి తక్కువ. కెమెరా రెండింటినీ ఒకే కొలతతో కొలుస్తుంది. కాబట్టి ఆకాశానికి మాత్రమే గొడుగు పట్టాలి.

అంతకు ముందు ఏడాది సూర్యగ్రహణం నాడు ఊరంతా తలుపులు వేసుకుంటే, ఈయన మసి పట్టించిన అద్దం ముక్కలోంచి సూర్యుణ్ణి చూశాడు. అది గుర్తొచ్చింది. అద్దానికి పై సగం మసి పట్టించి, కెమెరా ముందు పెట్టి, ఊరి బయట రాళ్ళగుట్టని ఫోటో తీశాడు. గుట్ట మీద అడ్డంగా నల్లగీత పడింది, చూరు నీడలాగా. మసి పైన మందంగా ఉండి, నడుముకి వచ్చేసరికి పలచబడి, కింద లేకుండా పోవాలన్నమాట. ఇరవై రోజులు కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చున్నాడు. మూడు అద్దాలు వేడికి పగిలాయి. నాలుగోది కుదిరింది. మసి చెరగకుండా దాన్ని అగ్గిపుల్లల మీద నిలిపి, అట్టపెట్టెలో పెట్టి, పాపాయిని మోసినట్టు మోశాడు.

రెండోసారి నాయనమ్మ కూడా బయలుదేరింది. “నీ ఒక్కడిదేనా సముద్రం?” అని.

ఆ సాయంత్రం ఓడరేవులో టీకొట్టు ఆరోగ్యమ్మ వసారాలో దిగారు. తాతయ్య ఒడ్డున చోటు చూసుకోవడానికి వెళ్ళాడు. తెల్లవారుజామున ఇసుకలో కెమెరా నిలబెట్టి, పెట్టె తెరిచాడు. అద్దం తళతళా మెరిసిపోతోంది.

“ఏమే! మసి ఏదే?”

“ఆ మురికా? అంత మసిగొట్టుకుని ఉంటే, నువ్వు ఒడ్డుకి పోయినప్పుడు సబ్బుపెట్టి కడిగా. ఫోటోలు మసకగా వస్తయ్ గదా!”

తాతయ్య ఇసుకలో చతికిలబడ్డాడు. “ఇరవై రోజులే... ఇరవై రోజులు.”

తూర్పు తెల్లబడుతోంది. జేబులో తిరుగు బస్సుకి సరిపడా డబ్బులే ఉన్నాయి. రేపటికి ఉండడం కుదరదు. సంగతి అర్థమయ్యాక నాయనమ్మ మొహం కూడా పాలిపోయింది. కానీ ఒక్క నిమిషమే.

“పైన మందంగా, కిందికి పలచగా. అంతేనా?”

“అంతేనా అంటావేందే!”

“ఆరుగురు పిల్లలకి కాటుక పట్టా. మసి సంగతి నాకా చెప్పేది? ఇటు తే.”

ఆరోగ్యమ్మ దగ్గర బుడ్డి తెచ్చి, గాలికి కొంగు అడ్డం పెట్టి, వత్తి పైకి లాగింది. అద్దాన్ని పైమూల బొటనవేలితో పట్టుకుని, చేటతో చెరిగినట్టు మంట మీద ఆడించింది. ఒక్కచోట ఆపలేదు. ఆపితే పగులుతుంది, మరకలు కడుతుంది. తాతయ్య ఎప్పుడూ ఆపేవాడు.

“పొద్దు అంచు కనపడతందే!”

“అరవమాక. చెయ్యి వణుకుద్ది.”

సూర్యుడు నీళ్ళ మీదికి సగం వచ్చేసరికి అద్దం తాతయ్య చేతిలో ఉంది. పన్నెండూ తీశాడు.

ఇంటికొచ్చి కడిగితే పదకొండు వంకరగా వచ్చాయి. ఒక్కదానిలో పైన పొద్దు గుండ్రంగా ఉంది, కింద అల విరిగి నురగ పాకుతోంది. దాన్ని పెద్దది చేసి గోడకి తగిలించి, కృపామణిని పిలిచాడు.

ఆ పిల్ల ఈసారి నవ్వలేదు. చానాసేపు చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఇదే మామయ్యా.”

అంతలో ఆ పిల్ల పైమూలకి వేలు చూపించింది. “ఇదేం మబ్బు? ఇట్టాంటిది మా ఊళ్ళో చూళ్ళేదు.”

ఆ మూల కోడిగుడ్డంత తెల్లమచ్చ ఉంది. నాయనమ్మ బొటనవేలు పట్టిన చోట మసి అంటలేదు.

పెళ్ళికూతుళ్ళ మొహాల మీద మచ్చలు పెన్సిలుతో మాయం చేయడం తాతయ్యకి రోజూ పనే. ఆ మచ్చని మాత్రం ముట్టుకోలేదు. కృపామణి దంపతులు ఆ ఫోటో పక్కన, బోడిగోడ ముందే నిలబడి ఫోటో దిగారు. మర్నాడు తాతయ్య మాట ప్రకారం పాత తెర అటక మీంచి దించి కట్టాడు. జనం మళ్ళీ ఫ్యాను కిందికి చేరారు.

గోడ మీది ఫోటోకి కింద తాతయ్య స్టూడియో ముద్ర ఉంది. ఎవరైనా చదివితే నాయనమ్మ లోపలి నుంచి కేకేసేది.

“ఆయన ముద్ర కింద ఉంది. పైన ఉందే, అది నాది.”