చల్లారేదాకా ప్రార్థన

మా తమ్ముడు పోయిన కబురు తెల్లవారుతూనే ఫోన్‌లో వచ్చింది. కిరండూల్ నుంచి మరదలు చేసింది. "వదినా" అని ఆగిపోయింది. ఆ ఆగడంలోనే నాకు సంగతి తెలిసిపోయింది. అయినా నా నోట వచ్చిన మొదటి మాట, "దగ్గాడా?" అని.

"లేదొదినా. దగ్గలేదు. కుర్చీలోనే కూసున్నారు. టీ కలిపి తెచ్చీసరికి తల వాలిపోయింది."

గుండె ఆగిందని ఆసుపత్రివాళ్లు చెప్పారు. ఏడాదిగా మేమంతా వాడి గొంతుకు కాపలా కాశాం. గుండె వైపు ఎవరం చూడలేదు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇక్కడికి, బైలడిల్లా ఇనుప గనిలో పనికి వచ్చారు. నేను పెద్దదాన్ని. నా తర్వాత వాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. ఇక్కడే పుట్టి, బడిలో హిందీ, బజార్లో ఇక్కడివాళ్ల హల్బీ మాట్లాడినా, వాడికి నేను చివరిదాకా అప్పనే. నేను బచేలీలో, వాడు పక్క ఊరు కిరండూల్లో. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల క్వార్టర్‌లోనే నా భోజనం.

వాడు బైలడిల్లా కొండ మీద ఖనిజం మోసే డంపర్ నడిపాడు. ఇల్లంత ఎత్తు బండి. అది కదిలే ముందు హారన్ కొట్టాలి. ముందుకైతే రెండుసార్లు, వెనక్కైతే మూడుసార్లు. చుట్టుపక్కల ఉన్నవాళ్లు దాన్నిబట్టి తప్పుకుంటారు. ఆ అలవాటు వాడితోపాటు ఇంట్లోకి వచ్చింది. భోజనం దగ్గర నా ప్రార్థన ఎంతకూ తెగకపోతే, బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టేవాడు. ఇక ముందుకు పోనీ అని.

"మా అప్ప మనుషుల దగ్గర మాటలు దాసుకుని, అన్నీ దేవుడి దగ్గర ఖర్చెట్టీస్తాది" అనేవాడు. "అన్నం సల్లారిపోతంది. నీ సంగతి ఆయనకి తెలీదేటి?"

నిరుడు వానల్లో వాడికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా మారింది. అవి కంటికి కనిపించేవి. కనిపించనిది గొంతు. వాడి గొంతు మింగడం మరిచిపోయింది. నీళ్లు తాగితే కడుపులోకి పోవలసినవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని, అలా పోతే న్యుమోనియా వస్తుందని, ఈ స్థితిలో అది వస్తే మనిషి దక్కడం కష్టమని జగ్దల్‌పూర్ ఆసుపత్రిలో చెప్పారు. ముక్కులోంచి గొట్టం వేసి పంపారు.

అప్పటినుంచి ఆ ఇంట్లో అందరికీ మంచినీళ్ల గ్లాసంటే భయం. మరదలు గ్లాసులన్నీ పై అరలోకి ఎక్కించేసింది. మేం తాగాలంటే వంటింట్లో నిలబడి, వాడికి చప్పుడు వినిపించకుండా తాగేవాళ్లం. వాడికి స్నానం చేయించేటప్పుడు నోట్లోకి చుక్క పోతుందేమోనని, పైనుంచి పొయ్యకుండా తడిగుడ్డతో తుడిచేవాళ్లం. పక్క క్వార్టర్‌లో ఎవరు దగ్గినా మరదలి చేతిలో గరిటె ఆగిపోయేది. నేను బచేలీలో ఉండి కూడా ఫోన్ మోగితే ముందు దేవుడి పేరు తలుచుకుని, తర్వాత ఎత్తేదాన్ని.

గొట్టం ఉన్న నెలల్లో వాడు ఫోన్‌లో వంటల వీడియోలు చూసేవాడు. మరదలికి అది చూడబుద్ధయ్యేది కాదు. "తినలేని మనిషికి ఆ చూడ్డమేటొదినా, మీరైనా సెప్పండి" అనేది. నేను చెప్పలేదు. ఒక ఆదివారం వాడే ఫోన్ నా ముందు పెట్టాడు. తెల్లటి పల్చటి పిండి మూటలు, పైన కుచ్చిళ్లు పెట్టినట్టు ముడి. వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడుకుతున్నాయి.

"చైనావాళ్ల వంట. లోపల సూపుంటాది" అన్నాడు.

"పిండిలో సూపెలా నిలుస్తుందిరా?"

"ముందు సూపుని గడ్డ కట్టించి, లోపలెట్టి ముడేస్తారు. ఆవిరికి కరుగుతాది." వాడి కళ్లలో చాలా రోజులకు వెలుగు చూశాను. "జగ్దల్‌పూర్‌లో చైనీస్ హోటల్ ఉంది సూడు, ఆదివారమైతే మెట్ల మీద దాకా జనం ఉంటారూ, అక్కడ కొత్తగా ఎట్టారంట. గొట్టం తీసీనాక ఆడికే."

మరదలు లోపలినుంచే అంది, "ఔను, ఆడికే. మమ్మల్ని సంపడానికి."

చలికాలం మొదట్లో గొట్టం తీశారు. తీశారన్న సంతోషం కంటే భయమే ఎక్కువైంది. గొట్టం ఉన్నన్నాళ్లు తిండి దానిదారిన అది పోయేది. ఇప్పుడు ప్రతి చెంచా వాడి గొంతు దాటాలి. నీళ్లలో ఆసుపత్రివాళ్లిచ్చిన పొడి కలిపి, జావలా చేసి, చెంచాతో ఇచ్చేవాళ్లం. "ఇయ్యి నీళ్లేనా అప్పా?" అని అడిగేవాడు. "నీళ్లేరా" అనేదాన్ని. ఇద్దరం నమ్మేవాళ్లం కాదు.

మింగే ముందు గడ్డం ఛాతీకి దించాలి, ఎవరూ మాట్లాడకూడదు. ఇక్కడా వాడు తన హారన్‌నే వాడాడు. ఎడమ చేతి వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టి మింగేవాడు. మూడుసార్లు కొడితే వెనక్కి అని అర్థం. మరదలు వెంటనే గిన్నె పట్టేది. ఆ వేలు లేచినప్పుడల్లా రెండో మూడో తెలిసేదాకా మేం ఊపిరి తీసుకునేవాళ్లం కాదు.

తర్వాతి పరీక్షకు ముగ్గురం కలిసి జగ్దల్‌పూర్ వెళ్లాం. మింగడం నేర్పే డాక్టరమ్మ చిన్నపిల్ల, రాయ్‌పూర్ వైపు మనిషి. మెత్తటివి ఒక్కొక్కటీ తినిపించి, గొంతు మీద వేళ్లు పెట్టి చూసింది. బాగుందంది. వాడు వెంటనే ఫోన్ తీసి ఆ మూటలు చూపించాడు. ఆవిడ నవ్వింది, తర్వాత నవ్వడం ఆపి కాసేపు ఆలోచించింది.

"ఒక్కటి" అంది హిందీలో. "పూర్తిగా చల్లారి, లోపలి సూపు చిక్కబడ్డాక. గడ్డం దించి. దగ్గు వచ్చిందంటే అక్కడితో ఆపెయ్యాలి. రెండు రోజులు జ్వరం చూసుకోండి. చల్లారేదాకా ఆగుతారా అంకుల్?"

వాడు నావైపు వేలు చూపించాడు. "దీదీ ప్రార్థనా కరేగీ" అన్నాడు. "బరఫ్ బన్ జాయేగా."

అప్ప ప్రార్థన చేసేసరికి అది మంచుగడ్డ అయిపోతుందట. ఆ గదిలో నేను తప్ప అందరూ నవ్వారు. మరదలు కూడా.

ఆ హోటల్ దగ్గర వాడు చెప్పినట్టే మెట్ల మీద జనం. వాడి కర్ర చూసి ఎవరో తప్పుకుని దారిచ్చారు. లోపల పిల్లల గోల, పెనాల చప్పుడు, ఎర్ర కాగితపు దీపాలు. బల్ల దగ్గర కూర్చున్నాక మరదలు నా మోచెయ్యి పట్టుకుంది.

"వదినా, మీరు సెబితే వింటారు. వద్దనండి."

వాడివైపు చూశాను. ఎడమ చేత్తో మూతి పక్క తుడుచుకుంటూ వంటింటి తలుపు వైపే చూస్తున్నాడు. నెలల తరబడి గొట్టంతో బతికిన మనిషి ఆకలి అది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

"అయితే మీ దేవుడికి గట్టిగా సెప్పండి" అంది మరదలు.

వెదురు బుట్ట వచ్చింది. మూత తీయగానే ఆవిరి ముగ్గురి మొహాలకూ కొట్టింది. తెచ్చినాయన డార్జిలింగ్ వైపు మనిషి, వంట కూడా ఆయనదేనట. "గరమ్ గరమ్ ఖాయియే" అని, వేడివేడిగా తినమని చెప్పి, మేం ఎలా తింటామో చూద్దామని పక్కనే నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను.

ఆహారం కోసం స్తుతించాను. వండిన చేతుల కోసం అడిగాను. వాడి గొంతు కోసం అడిగాను. తర్వాత మళ్లీ అదే అడిగాను. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది, "మేడమ్, ఠండా హో రహా హై." తమ్ముడు "హోనే దో భయ్యా" అన్నాడు, చల్లారనీ అని. నేను ఆగలేదు. చనిపోయిన మా అమ్మానాన్నల్ని తలుచుకున్నాను. గనిలో షిఫ్టుకు వెళ్లినవాళ్లందరినీ తలుచుకున్నాను. అడగవలసినవన్నీ అయిపోయాయి. అయినా ఆమెన్ అనలేకపోయాను. అంటే వాడు తింటాడు.

అప్పుడు బల్ల మీద టక్, టక్ మని వినిపించింది.

"ఆమెన్" అన్నాను.

మరదలు ఒక మూటను చెంచాలోకి తీసి, పెదవికి ఆనించి వేడి చూసింది. వాడి నోట్లో పెట్టింది. వాడు నెమ్మదిగా నమిలాడు. లోపల సూపు విడిపోయినట్టుంది, కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. గడ్డం దించాడు. చెయ్యి బల్ల మీదికి వచ్చింది. ఒకటి. రెండు. ఆ వేలు మళ్లీ గాల్లోకి లేచి అక్కడే ఆగిపోయింది. మరదలు గిన్నె పట్టుకుని సగం లేచింది. పక్క బల్ల పిల్లలు ఏదో అరుస్తున్నారు. వాడి గొంతుముడి కదలడం చూశాను. ఇంకోసారి కదిలింది. వేలు నెమ్మదిగా కిందికి దిగి, చప్పుడు చెయ్యకుండా బల్ల మీద వాలింది.

నోరు తెరిచి చూపించాడు. ఖాళీ.

"ఎలాగుందిరా?" అన్నాను.

"సల్లగుంది" అన్నాడు. "కొంచెం ముందే ఆమెన్ అనాల్సింది."

మరదలు నవ్వుతూనే ఏడ్చింది. డార్జిలింగ్ ఆయనకు ఏమీ అర్థం కాలేదు. మిగిలినవి మమ్మల్ని తినమన్నాడు తమ్ముడు. తిన్నాను. రుచి ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. వాడి గొంతునే వింటూ తిన్నాను.

తిరుగు దారిలోనూ అదే పని. ఘాట్ రోడ్డులో జీపు వంపు తిరిగిన ప్రతిసారీ వాడి ఊపిరి మామూలుగా ఉందా అని విన్నాను. వాడు నిద్రపోలేదు.

"నీకు భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"ఎయ్యదేటి? బల్ల కింద కాలు వణికీసింది. మీరు పైనే సూసారు." వంపు దాటాక మళ్లీ అన్నాడు. "లోడుతో కొండ దిగినప్పుడు రోజూ ఏసేదప్పా. భయమేసిందని మద్దిలో గేరు మార్చకూడదు. ఏ గేరులో దిగడం మొదలెట్టామో, ఆ గేరులోనే కిందికి రావాల."

అన్నేళ్లు ఆ బండి నడిపాడు. భయపడ్డానని ఒక్కరోజు ఇంట్లో అనలేదు. వాడు డ్యూటీకి వెళ్లిన ప్రతిరోజూ నేను ప్రార్థన చేశాను గానీ, వాడు కూడా నాలాగే భయపడుతూ వెళ్లేవాడని ఆ జీపులోనే తెలిసింది. ఆ మాటకు నేను వాడికి రుణపడి ఉన్నాను.

జ్వరం రాలేదు. చలికాలం దాటేసరికి మెత్తటి అన్నానికి, ఎండలకు ముల్లు తీసిన చేపకు వచ్చాడు. భయం మాత్రం మా ఇంట్లోనే ఉంది. కంచం పెట్టినప్పుడు మాతోపాటు కూర్చునేది. లేచినప్పుడు లేచేది. ఇక గ్లాసులు కింది అరలోకి దించుదామా అని మరదలు అన్న వారంలోనే ఆ ఫోన్ వచ్చింది.

మట్టి చేసి వచ్చాక చర్చివాళ్లు వెళ్లిపోయారు. పక్క క్వార్టర్‌వాళ్లు అన్నం, పప్పు తెచ్చి పెట్టారు. వాడి కుర్చీని ఎవరూ కదపలేదు. మరదలు, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. వాడిని ఇచ్చినందుకు స్తుతించాను. ఒక్క దగ్గు కూడా లేకుండా తీసుకున్నందుకు స్తుతించాను. తర్వాత ఏం చెప్పానో గుర్తులేదు. చెబుతూనే ఉన్నాను. ఆమెన్ అంటే, వాడు లేని బల్ల దగ్గర మొదటి ముద్ద తినాలి.

బల్ల మీద టక్, టక్ మని వినిపించింది.

కళ్లు తెరిచాను. మరదలు తల వంచుకునే ఉంది. ఎడమ చెయ్యి బల్ల మీద ఉంది, వేలు ఇంకా అక్కడే ఆనించి ఉంది. కంచాల్లోంచి ఆవిరి రావడం ఎప్పుడో ఆగిపోయింది.