ముప్పై చెట్ల షరతు

యూట్రిస్ నోటికి మా కొండంతా భయపడేది. జాజికాయల షెడ్డులో ఆమె పక్కన కూర్చుని నేను పదకొండేళ్లు కాయలు పగలగొట్టాను. ఆ నోరు ఎవరినీ వదలగా చూడలేదు. ఆమె కిమ్మనకుండా భరించింది ఒక్కదాని కోసమే: రెండెకరాల కొండవాలు.

ఆ నేల మీద ఆమె అమ్మ, అమ్మమ్మ తెల్లదొరల కూలీలుగా బతికి చచ్చిపోయారు. దొరలు పోయాక తోట సర్కారుదైంది. తుఫాను మా గ్రెనడా దీవిలోని జాజిచెట్లను వేళ్లతో సహా పెకలించాక, సర్కారు ఆ తోటను ముక్కలు చేసి కూలీల చేతికిచ్చింది. ఇచ్చింది అనకూడదు, చూపించింది. తామిచ్చిన ముప్పై మొక్కలు గుంతకొకటి చొప్పున నాటాలి. ఏటా వచ్చి లెక్కపెడతారు. పదేళ్లూ ముప్పైకి ముప్పై నిలబడితే భూమి మన పేరవుతుంది. ఒక్కటి తగ్గినా వెనక్కి పోతుంది.

మొక్కలు పంచిన రోజు వ్యవసాయాధికారి ఆండాల్ బల్లెక్కి ఉపన్యాసం దంచాడు. "మనది చిన్న దీవి. చమురు లేదు, ఫ్యాక్టరీలు లేవు. ఈ దేశానికి రైతే వెన్నెముక!"

వెన్నెముక అన్న ప్రతిసారీ మూట ఎత్తేది మా వీపు మీదికే.

"గుంతకొకటేంది బాబూ?" అంది యూట్రిస్. "మా అమ్మ మూడేసి గింజలు పెట్టేది. ఏడో ఏట పూతొచ్చేదాకా అది పోతో ఆడదో దేవుడికి కూడా తెలీదు. పూత చూసి, కాయ కాయని పోతుల్ని నరికి ఆడదాన్ని ఉంచుకునేవాళ్లం. పది ఆడచెట్లకి ఒక్క పోతు చాలు."

"మిస్ యూట్రిస్, మీ అమ్మగారు ఏ కాలేజీలో చదివారు?"

జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఏడేళ్లు ఆ మొక్కల మధ్య చేమదుంప వేసుకుని, సీమపనస ఉడకేసుకుని, షెడ్డులో కూలి చేసి బతికింది. ఏడో ఏట పూతొచ్చింది. ఆడపువ్వు ఒంటరిగా వేలాడుతుంది, పోతుపూలు గుత్తులు కడతాయి. ఆమె తోటలో ఇరవయ్యొక్క చెట్లకి గుత్తులే.

పక్క తోట ఆల్బన్‌కి పద్దెనిమిది పోతులు తేలాయి. మా కొండమీద పుట్టినవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. రెండు వదిలి మిగతావి నరికి, ఆ గుంతల్లో మూడేసి గింజలు పెట్టాడు. లెక్కకొచ్చిన ఆండాల్ మొద్దులు చూసి కాగితం రాసుకున్నాడు. నెల తిరక్కుండా భూమి పోయింది. పోతుల్ని నరికిన మరో ఆరుగురివీ అలాగే పోయాయి. ఆ నేల చుట్టూ కంచె లేచింది, దాని మీద రాబోయే హోటలు బొమ్మ. తాతల నాటి తెలివే నేరమైంది. ఇది పొరపాటని నేననను. పద్ధతి తెలిసినవాడు తప్పక పడేలా తవ్విన గొయ్యి అంటాను.

యూట్రిస్ గొడ్డలిని మంచం కిందికి తోసేసింది. పోతుల నీడకి చేమ కూడా ఎదగడం మానేసింది.

భూమి పోయిన కసినంతా ఆల్బన్ ఆమె మీదే చూపించేవాడు. "ఏమే యూట్రిస్, ఇరవయ్యొక్క మంది మగాళ్లని మేపుతున్నావంట! కట్టుకున్నోణ్ణి మాత్రం మూడేళ్లకే తరిమేస్తివి."

"వాడు నిలబడ్డా నాకు భూమొచ్చేది కాదు కదరా. వీళ్లు నిలబడితే వస్తది."

"సర్కారు కుక్కవి."

"అవున్రా, కరిచేదాకా కుక్కనే."

పదో ఏడు ఆండాల్ వచ్చాడు. ఒక్కో చెట్టునీ తట్టి చూశాడు. వానాకాలం గాలికి విరిగిన చివరి చెట్టుకి ఆమె వెదురు బొంగు ఆనించి, పాత లంగా చింపి కట్టు కట్టింది. దాని ముందు ఆగాడు.

"ఇది చచ్చింది. ఇరవై తొమ్మిదే."

యూట్రిస్ గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉంది. "చావలా. చావాలని నువ్వు కోరుకున్నావ్, అంతే."

"తొమ్మిదింటికి తప్ప కాయలేవి? ఇదీ ఒక తోటేనా?"

"నీ కాగితంలో కాయ మాట ఎక్కడుందో చదువు బాబూ. కాలేజీలో చదివినోడివి కదా."

లేదు. ముప్పై చెట్లన్నారు, గుంతకొకటన్నారు. కాయ కాయాలని రాయడం ఎవరికీ తట్టలేదు. అతను పళ్లు కొరుక్కుంటూ ఆమె పేర పట్టా మీద సంతకం పెట్టాడు.

అతని జీపు మలుపు తిరగకముందే మొదటి పోతు కూలింది. చప్పుడుకి ఆండాల్ వెనక్కి తిరిగి అరిచాడు. ఆమె తలెత్తలేదు, రెండోదాని మొదట్లో వేటు వేసింది. పదేళ్లు మింగిన తిట్లన్నీ ఒక్కో వేటుకి ఒకటి చొప్పున బయటికొచ్చాయి. విని నేను కూడా కొన్ని కొత్తవి నేర్చుకున్నాను.

సాయంత్రానికి ఆల్బన్ వచ్చాడు, చొక్కా కంచెకి పట్టి చిరిగిపోయి ఉంది. ఒకప్పటి తన ఆడచెట్ల కింద ఏరుకొచ్చిన పచ్చి గింజల సంచీ ఆమె కాళ్ల దగ్గర విసిరికొట్టాడు. ఎర్ర జాపత్రి ఇంకా వాటిని అంటుకునే ఉంది.

"గుంతకి మూడు పెట్టు. లెక్క తెలుసు కదా?"

"నీకంటే బాగా తెలుసు. పార అందుకో, దొంగనాయాలా."