గిల్టు సిస్టరు

వాన వెలిసిన మధ్యాహ్నం బచేలి సంతలో పాత సామాన్లు అమ్మేవాడు పట్టా మీద ఒక డబ్బా బోర్లించాడు. తాళంచెవులు, గడియారం పట్టీలు, బొత్తాల మధ్య పైటకు గుచ్చుకునే రాళ్ళ బ్రోచి ఒకటి దొర్లింది. నా చెయ్యి నాకంటే ముందు వెళ్ళింది. తిప్పి చూశాను. పిన్ను విరిగిపోయింది, వెనక ఏ పేరూ లేదు. "నక్లీ హై, దీదీ" అని, అసలుది కాదని పాపం అతనే చెప్పాడు. పెట్టేసి వచ్చేశాను గానీ చిలుము వాసన వేళ్ళకు అంటుకుంది. తడిసిన ఇత్తడి వాసన, కొంచెం పులుపు కలిసినట్టు. రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా పోలేదు. అది రూతమ్మ గారి ఇంటి వాసన.

రూతమ్మ గారు కిరందుల్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ. ఆసుపత్రిలో నర్సు. మాలాగే విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి. ఆవిడ వెళ్ళే సంఘంలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. బోడి చెవులు, బోడి మెడ, చేతికి ఒక గడియారం. అలాంటి మనిషి మంచం కింద రేకు ట్రంకు నిండా విదేశీ గిల్టు నగలు ఉండేవి. ఇనుప గనుల టౌన్‌షిప్పులోని ఆఫీసర్లు శిక్షణకని పై దేశాలు వెళ్ళినప్పుడు భార్యలకు తెచ్చినవి, విదేశీ ఇంజనీర్ల భార్యలు వెళ్ళిపోతూ వదిలేసినవి. బంగారం కాదని తెలిశాక మనవాళ్ళకు వాటి మీద మోజు ఉండేది కాదు. బదిలీ అయిన ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అవి పాత మందుసీసాలతో పాటు బయటికొచ్చేవి. రూతమ్మ గారు సరిగ్గా ఆ రోజు వెళ్ళి, సామాను కట్టడంలో సాయం చేసి, అవి అడిగి తెచ్చుకునేది. కాలనీలో ఆవిడను వెనకాల గిల్టు సిస్టరు అనేవారు. ఆ మాట మొదట అన్నది ఎవరో కూడా నాకు తెలుసు. నేను అలాంటివి మరిచిపోను. నన్ను ఎవరు, ఎక్కడ, ఏ చీర కట్టుకుని ఏమన్నారో ఇవాళ అడిగినా చెప్పగలను.

పదో తరగతిలో ఉండగా, చెవులకు కమ్మలు లేక వేపపుల్లలు ఉన్నాయని బడి డాన్సులో నన్ను వెనక వరసకు నెట్టారు. నెల రోజులు అందరికీ చెప్పుకుని ఏడిచాను. వినీ వినీ విసిగిన అమ్మ నన్ను రూతమ్మ గారి దగ్గరికి తోలింది. ఆవిడ ఓదార్చలేదు. ట్రంకు లాగి, నీలం రాళ్ళ బ్రోచి ఒకటి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని గుండెల దగ్గర పెట్టుకుని అద్దం కోసం చూస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెట్టుకోడానికి కాదే పాపా. తిప్పు. ముందేటుంటాది, ముందు అందరూ సూస్తారు."

వెనక భూతద్దం కింద చిన్న అచ్చు కనిపించింది. అది తయారు చేసిన కళాకారుడి పేరు. ఏ దేశంలోనో కూర్చుని గాజు రాళ్ళకీ ఇత్తడికీ బంగారంతో సమానంగా తన పేరు పెట్టుకున్న మనిషి ఒకడున్నాడని ఆవిడ చెప్పినప్పుడు నాకు వింతగా అనిపించింది. అప్పటినుంచి ఆదివారం సాయంత్రాలు అక్కడే గడిచేవి. కొక్కెం మాత్రమే ఉన్న పిన్ను పాతకాలానిదనీ, తాళం పడే పిన్ను తర్వాతదనీ నేర్పింది. రాయి పడిపోయిన చోట అదే ఈడు రాయి పెట్టాలి గానీ మెరుస్తోంది కదా అని కొత్తది పెట్టకూడదని నేర్పింది. ఒక రాయి కోసం ఏడాది ఎదురుచూసేది. నేను ఏడాది ఆగింది ఒక్క పగ తీర్చుకోవడానికేనని అమ్మ ఎత్తిపొడిచేది.

ఒకసారి ఆవిడ రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతుంటే, సంతోషపెడదామని ఆ నీలం బ్రోచిని మా ఇంటికి తెచ్చాను. అమ్మ తన పుస్తెలతాడు కడిగినట్టే కుంకుడు రసంలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ఎండలో ఆరబెట్టాను. సాయంత్రానికి రాళ్ళన్నీ నల్లబడిపోయాయి. అలాంటి రాళ్ళ వెనక అద్దానికి ఉన్నట్టు సన్నని పూత ఉంటుంది. లోపలికి నీరు దిగితే అది చచ్చిపోతుంది. మళ్ళీ బతకదు. మా ఇళ్ళలో నగ అంటే బంగారమే, బంగారం అంటే కుంకుడు రసమే. నాకేం తెలుసు? రూతమ్మ గారు దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళ ముందు అమ్మతో అంది: "మీ పిల్లకి సేతులు ఊరుకోవు. ఇంక నా ట్రంకు ముట్టుకోనివ్వను."

ఆ నలుగురి ముందు. నాకు నీలం రాళ్ళు గుర్తులేకుండా పోయాయి, ఆ మాటే మిగిలింది. వారం తిరక్కుండా, ప్లాట్‌ఫారం మీద విశాఖ ప్యాసింజరు కోసం కూర్చున్న సంఘపెద్ద భార్య పక్కన చేరాను. అడక్కుండానే చెప్పాను. రూతమ్మ గారి మంచం కింద ట్రంకు నిండా నగలున్నాయని, తలుపు వేసుకుని వాటిని చూసుకుంటుందని. గిల్టువని చెప్పలేదు. పెట్టుకోదని చెప్పలేదు. ఆవిడ ముఖం మారుతుంటే నాకు హాయిగా ఉంది. ఆ హాయిని కూడా నేను మరిచిపోలేదు.

పెద్దలు మధ్యాహ్నం పూట వచ్చారు. మా రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక ఇటుక గోడ, అన్నీ వినబడ్డాయి. వాళ్ళు మెల్లగానే మాట్లాడారు. వాటిని వదిలించుకునేదాకా ప్రభు బల్లకు రావద్దన్నారు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆ బల్ల ఆవిడకు ఏమిటో మాకు తెలుసు. ఆ ఆదివారానికి సెలవు దొరక్కపోతే డాక్టరుతో పోట్లాడేది. రూతమ్మ గారు చెప్పింది తక్కువ. "పెట్టుకోనేదు, అమ్ముకోనేదు. సూసేనంతే. సూడ్డం తప్పని రాసుంటే సూపించండి." వాళ్ళు చూపించలేదు. నిర్ణయమూ మార్చలేదు.

ఆవిడ ట్రంకు వదల్లేదు, సంఘమూ వదల్లేదు. వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చునేది. మందిరం కిటికీ రోడ్డు వైపు ఉండేది, నేను అటువైపే ట్యూషనుకు వెళ్ళేదాన్ని. ద్రాక్షరసం గిన్నె వరసగా చేతులు మారుతూ వచ్చి, ఆవిడను దాటి వెళ్ళిపోయేది. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ ఉండేది.

రెండు నెలలకు గోడ మీంచి పిలిచింది. "పాపా, ఇలగ రా. పొడి బ్రష్షు అట్టుకురా." వెళ్ళాను. ట్రంకు తెరిచి ఉంది. ఏమీ జరగనట్టు పిన్నుల గురించి మొదలుపెట్టింది. భరించలేకపోయాను. చెప్పింది నేనేనన్నాను.

"తెల్సు. ఆవిడ రైలెక్కకముందే వచ్చి సెప్పీసింది."

"మరి నన్నెందుకు పిలిచారు?"

"నీకింకా పిన్నుల సంగతి రానేదు కదా."

అంతే. తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. ఆరేళ్ళు అలా గడిచాయి. నేను డిగ్రీ చదివి స్కూలు ఆఫీసులో గుమాస్తానయ్యాను. ప్రతి నెలా గిన్నె ఆవిడను దాటుతూనే ఉంది. రిటైరై తమ్ముడి ఊరు వెళ్ళే రోజున ఆవిడ ట్రంకు మా ఇంటికి మోయించింది. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఆరేళ్ళ కిందటే ఇచ్చేసి ఉంటే బల్ల దగ్గర కూర్చునేవారు కదా అన్నాను. ఆవిడ చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండా జవాబిచ్చింది.

"అప్పుడిస్తే పారేసినట్టుండీది. ఇప్పుడు ఇచ్చినట్టుంది."

రెండేళ్ళకు పోయిందని తమ్ముడి ఉత్తరం వచ్చింది. అక్కడి సంఘం ఆవిడను బల్లకు రానిచ్చిందో లేదో అందులో లేదు. అడుగుతూ రాశాను, జవాబు రాలేదు.

ట్రంకు నా దగ్గరే ఉంది. నేనూ వాటిని పెట్టుకోను. ఏడాదికోసారి సంఘానికి ఒక అర్జీ ఇస్తాను. ఫలానా రూతమ్మ గారిని తప్పుగా ఆపారు, ఆ సంగతి మీ పుస్తకంలో రాయండి, అంతే. ఆనాటి పెద్దలు ఎవరూ లేరు. ఇప్పుడున్న పాస్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. పోయిన నెల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి అడిగాడు. "అమ్మా, ఆవిడ లేరు, ఆపినవాళ్ళూ లేరు. ఇది ఎవరి మీద ఫిర్యాదు?"

నాకు అలసటగా ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లెక్కడం ఏటికేడు కష్టమవుతోంది. కాగితం మళ్ళీ ఆయన వైపు తిప్పి, ఆ తప్పుకు కారణమైనవాళ్ళ వరసలో మొదటి పేరు చూపించాను. అది నాదే. అందినట్టు సంతకం చేసి ఇచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.