వెలుతురులో చూడాల్సిన బొమ్మ

మా మేనత్త ప్రదర్శనలో పెట్టిన బొమ్మను చీర అనుకుందని చుట్టాలు నేటికీ నవ్వుతారు. వాళ్లలో ఒక్కరూ అక్కడ లేరు. ఆబిడ్స్ దుకాణాల్లో ఏ చీరనైనా గడపదాకా తెచ్చి, పగటి వెలుతురులో చూస్తేనే ఆమె కొనేది.

నిజాం పాలన పోయిన కొత్తలో నాంపల్లిలో చిత్రాల ప్రదర్శనకు ఆమెను నేనే తీసుకెళ్లాను. అంతా నీలం మరకలున్న బొమ్మ ముందు ఆగి, "బిడ్డా, జర దీన్ని వాకిట్లకు తే" అంది చిత్రకారుడితో. అతను నవ్వకుండా వరండాలోకి మోసుకొచ్చాడు. మెడ వాల్చి చాలాసేపు చూసింది. ఆ నీలం మెల్లగా ఆమె మొహం మీదికి పాకినట్టనిపించింది.

"ఔ, గిప్పుడు కనబడ్డది."

కాలేజీ చదివిన నాకు నీలమే కనబడింది.

తిరిగొస్తూ రిక్షాలో, "నీకు గూడ కనబడ్డది గదా?" అంది.

నామోషీతో "ఔ" అన్నాను.

ఆమె కాలం చేసింది. ఇప్పుడెవరినడగను? ఆ నీలంలో ఏం కనబడింది, అత్తా?