చివరి పాటకు చోటు చాలని క్యాసెట్టు

మొన్న రాయచూరులో మా చిన్నాయన ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా అన్న మనవరాలు ఫోన్‌లో ఒక పాత హిందీ పాప్ ఆల్బమ్ పెట్టింది. కాలేజీలో ఇప్పుడు అందరూ అదే వింటున్నారట. తామే కనిపెట్టినంత గొప్పగా చెప్పింది. మొదటి పాట అందుకోగానే చిన్నాయన తలెత్తి, "దేవుని పాట ఏది బిడ్డా?" అని అడిగాడు. పిల్ల తెల్లమొహం వేసింది. పాపం, దానికేం తెలుసు, ఆ గందరగోళమంతా నేను చేసింది.

చిన్నాయనకు బజారులో బట్టల దుకాణం ఉండేది. ఆ ఆల్బమ్ ఊరంతా మోగుతున్న రోజుల్లో నేను వాళ్లింట్లో ఉండి చదువుకునేదాన్ని. ఖాళీ క్యాసెట్టు ఒకటి చేతికిచ్చి, ఆ పాటలన్నీ ఎక్కించుకు రమ్మని రికార్డింగు షాపుకు పంపాడు. గడప దాటకముందే చిన్నమ్మ ఆపింది. పొద్దున దుకాణం తెరవగానే దేవుడి పేరు వినపడకుండా ప్రేమపాట వినపడితే బోణీ ఏం కావాలంది. ముందు గణపతి స్తోత్రం ఎక్కించమంది. నేను బుద్ధిమంతురాలిని కదా, స్తోత్రం మొత్తం ఎక్కించాను. క్యాసెట్టులో ఎంత చోటుందో ఆలోచించనే లేదు. దాంతో ఆల్బమ్‌లోని చివరి పాట రెండో చరణం మధ్యలోనే టక్కున ఆగిపోయేది.

చిన్నాయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. పాట ఆగిన చోట, చేతిలో మీటరు బద్ద అలాగే పట్టుకుని, తానే అందుకుని పూర్తి చేసేవాడు. ఆయనది బజారు ఉర్దూ. అందులో విరహంతో పాటు పాప్లిన్, వాయిల్ లాంటి గుడ్డల పేర్లు కూడా వచ్చి పడేవి. సిరవార నుంచి బట్టలకు వచ్చినవాళ్లు ఆ ముగింపు కోసం మరో గుడ్డ తాను విప్పించుకుని కూర్చునేవాళ్లు. అసలు క్యాసెట్టు కొనుక్కుందామని మాలో ఎవరికీ తోచలేదు.

అందుకే మొన్న చివరి పాట దగ్గరపడేసరికి నాకు గుబులు పట్టుకుంది. దుకాణం మూసి ఏళ్లయింది. ఆయన గొంతూ పలచబడింది. అసలు ముగింపు వింటే తన ముగింపు ఆయనకే చిన్నబోతుందేమోనని భయపడ్డాను. ఆపెయ్యమని సైగ చేస్తే పిల్ల చూడలేదు. ఆ చోటు రానే వచ్చింది. చిన్నాయన పాడబోయాడు, పాట ఆయన కోసం ఆగలేదు. నోరు మూసుకుని చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"వీళ్లది గూడ మంచిగనే ఉంది," అన్నాడు.

చిన్నమ్మ తమలపాకు ఈనె తీస్తూ, తలెత్తకుండానే, "ఇంకోపారి పెట్టు బిడ్డా. గా చరణం కాడ ఆపు. ఈయన పాడాల," అంది.

పిల్ల ఆపింది. ఆయన పాడాడు, పాప్లిన్‌తో సహా. పిల్ల పడీ పడీ నవ్వి, మళ్లీ పాడమని ఫోన్ ఆయన ముందు పెట్టింది. "ఎంతసేపన్న పాడు తాతా, దీంట్ల జాగా అయిపోదు. రికార్డు చేసుకుంట," అంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆనాడు నా క్యాసెట్టులో చోటు చాలకపోబట్టే కదా, ఇన్నేళ్లకు ఈ పిల్ల దాచుకోవడానికి ఒక పాట మిగిలింది.