ఒక్క కుర్చీ పాఠం

సంఘర్షణ లేకపోతే అది కథ కాదు, పెళ్లి పత్రిక అని కొత్తవాడలో మూడు నెలలు గొంతు చించుకున్నాను. ప్రతి ఆదివారం కథల క్లాసు. మొదట్లో పదిమంది దాకా వచ్చేవారు. చివరికి ఇద్దరే మిగిలారు: జంపఖానాలు నేసి నేసి వేళ్లు వంకర్లు పోయిన ఒక పెద్దమ్మ, ఆమె పక్కింట్లో ఉండే నర్సమ్మ. "ఇద్దరికన్న తక్కువైతే హాలుకు తాళమే సార్" అని కమ్యూనిటీ హాలు పెద్దమనిషి ముందే చెప్పేశాడు. రిటైరయ్యాక నన్ను సార్ అని పిలిచేది ఆ ఒక్క చోటే. అది పోతుందంటే నాకు నిజంగా భయం.

వీళ్ల కథలు చదివితే తల పట్టుకోవాలి. అత్తాకోడళ్లు ఒకే చీర కోసం పోట్లాడతారు. రెండో పేరాలో నువ్వు కట్టుకో అంటే నువ్వు కట్టుకో అనుకుంటారు. మూడో పేరాలో అందరూ అన్నాలు తింటారు.

"ఇట్ల రాజీ పడితే కథ ఏడ నడుస్తది?" అన్నాను.

"కొట్లాడుకుంటే మంచిగుంటదా సార్?" అంది పెద్దమ్మ.

ఇక చెప్పి లాభం లేదు, చేయించి చూపిద్దామనుకున్నాను. హాల్లో అందరం కిందనే కూర్చుంటాం. ఉన్నది ఒక్కటే ప్లాస్టిక్ కుర్చీ. దాన్ని మధ్యలో వేశాను. "మీ ఇద్దరికీ కుర్చీ కావాలె. ఒక్కటే ఉన్నది. ఇగ కానియ్యుండ్రి."

నర్సమ్మ లేచి కొంగుతో కుర్చీ తుడిచింది. "కూసో అక్కా."

"నువ్వు కూసో చెల్లె. దవాఖానల డ్యూటీ చేసి అచ్చినవ్."

"నీకు మోకాళ్ల నొప్పులాయె. నువ్వే కూసో."

"అంటే నేను ముసల్దాన్నయిన్నా?"

"మంచిగ చెప్తే గట్ల మాట్లాడుతవేంది?"

ఒకరినొకరు భుజాలు పట్టి కూర్చోబెట్టబోయారు. విదిలించుకున్నారు. కుర్చీ మాత్రం ఖాళీ.

"నా మాటంటే లెక్కనే లేదు. ఇగ నీ గడప తొక్కితే చూడు!" అంది పెద్దమ్మ. ఇద్దరూ చెరో గుమ్మం వైపు నడిచారు. ఇద్దరూ పోతే ఇక హాలుకు తాళమే. ఎట్లాగైనా తగవు తెంపాలని, బుర్ర పనిచేయక, పోయి ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను.

ఇద్దరూ ఆగారు.

"చూసినవా అక్కా! మనం నిలబడంగ ఎట్ల కూసున్నడో!"

"జర సిగ్గన్న ఉండాలె చెల్లె."

చేయీ చేయీ పట్టుకుని వెళ్లిపోయారు.

వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆదివారం హాలు తాళంచెవి పెద్దమనిషికి ఇచ్చేద్దామని వెళ్తే, ఇద్దరూ నాకన్నా ముందే వచ్చి హాలు గుమ్మం ముందు ఉన్నారు, చెరో కథ పట్టుకుని. చదివాను. అబ్బ, ఏం కథలు! మొదటి వాక్యం నుంచే మంట. రాజీ మాటే లేదు. రెండింట్లోనూ దుర్మార్గుడు ఒక్కడే, ఆడవాళ్ల కుర్చీ గుంజుకున్న రిటైర్డు సారు. పెద్దమ్మ వాడికి పక్షవాతం తెప్పించింది. నర్సమ్మ వాడికి లావుపాటి సూది పొడిచింది.

"ఎట్లున్నయ్ సార్?"

"మస్తుగున్నయ్" అన్నాను. నిజంగానే సంతోషపడ్డాను.

పెద్దమ్మ కుర్చీ నా వైపు జరిపింది. "కూసోండ్రి సార్."

"ఫికర్ చెయ్యకుండ్రి, కూసోండ్రి" అంది నర్సమ్మ.

ఆ రోజు పాఠమంతా నిలబడే చెప్పాను.