రోజూ ఐదింటికి తాగిన కోల్డ్ కాఫీ

మూడు నెలలపాటు ఒక మాట డాక్టర్ గారికి చెప్పలేదు, నా భార్య పద్మకైతే ఇంకా ఎక్కువ రోజులు. రోజూ సాయంత్రం ఐదింటికి తెనాలి బస్టాండ్ దగ్గర పెద్ద గ్లాసుడు కోల్డ్ కాఫీ తాగేవాణ్ణి. ఇప్పుడు నా షుగర్ అదుపులో ఉంది. ఆ సంతోషంతోనే, దాచిందీ చెప్పేస్తున్నాను.

పోయిన వేసవిలో మా కొట్లో నిలబడి ఉండగా కళ్లు మసకబారాయి. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరలేదు. బాపట్లలో డాక్టర్ గారికి చూపిస్తే ఫాస్టింగ్ షుగర్ రెండు వందల అరవై. మాత్రలకు తగ్గలేదు. నేను ఇంట్లో తిన్నదంతా పద్మ పుస్తకంలో రాసింది.

డాక్టర్ గారు అది చూసి, "తిండి బాగానే ఉందే. బయట ఏమైనా తీసుకుంటున్నారా?" అన్నారు.

"లేదండి," అన్నాను. కాఫీ తిండి కాదులే అనుకున్నాను.

ఇన్సులిన్ మొదలైంది, డోస్ రెండుసార్లు పెరిగింది. రోజూ పొద్దున పద్మే వేసేది.

ఒక ఆదివారం రేపల్లెలో పద్మ అక్కగారింటికి వెళ్లాం. ఆ రోజు కోల్డ్ కాఫీ లేదు. ఆరు కాకముందే చెమటలు, వణుకు, మాట తడబాటు. గ్లూకోమీటర్‌లో నలభై ఎనిమిది. పంచదార నీళ్లు తాగిస్తే తేరుకున్నాను.

"ఎంత ఎక్కించావే? చూసుకోవద్దూ?" అంది వదిన.

"చూసే వేశానక్కా. ఏమో, ఎక్కువైందేమో," అని పద్మ ఏడ్చింది.

ఆ రోజు కాఫీ తాగకపోవడమే కారణమేమోనని నాకు అనుమానం వచ్చింది. నోరు విప్పలేదు. ఆ తర్వాత పద్మ సూది ముట్టలేదు. పక్కింటి నర్సమ్మ వేసేది. డాక్టర్ దగ్గరికీ రానంది.

రేపల్లె నుంచి వచ్చిన మర్నాడు కాఫీ కొట్టతన్ని అడిగాను, "ఇందులో ఏమేం వేస్తావు తమ్ముడూ?"

"కాఫీ పొడి చెంచాడు. మిగతాదంతా ఐస్‌క్రీమ్, చాక్లెట్ సిరప్, పాలు, పంచదారేనన్నా."

"మరి కాఫీ అంటావేంటి?"

"ఐస్‌క్రీమంటే మీరు రోజూ తాగుతారా?"

బాపట్ల వెళ్లి ఒప్పుకున్నాను. "మీ అబద్ధానికి నేను మందు రాశాను," అన్నారు డాక్టర్ గారు. డోస్ వెంటనే తగ్గించారు. కోల్డ్ కాఫీ మానేసిన రెండు వారాలకే ఫాస్టింగ్ నూట ముప్పై. గ్లూకోమీటర్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను.

"నర్సమ్మ వేస్తే ఎలా తగ్గిందో చూశారా. నాకే చేతకాలేదు," అంది పద్మ. అప్పుడూ చెప్పలేకపోయాను.

ఇప్పుడు డాక్టర్ గారు ఇన్సులిన్ ఆపేశారు. మాత్రలు, నడక చాలుతున్నాయి. మీరు చేయవలసింది ఒక్కటే. తినేదే కాదు, తాగేది కూడా గ్లాసు సైజుతో సహా డాక్టర్‌కి చెప్పండి.

మొన్న రేపల్లె వెళ్లినప్పుడు వదిన ముందే చెప్పాను. "ఆ రోజు పద్మ సరిగ్గానే వేసింది వదినా. రోజూ కోల్డ్ కాఫీ తాగుతూ దాచి, డోస్ పెంచించుకుంది నేను. పద్మా, నింద నీమీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. నన్ను క్షమించు."